మా పిన్నికి పోట్లాడే మొగుడు కావాలి

బర్మాలో మా తెలుగు బాప్టిస్టు సంఘంలో ఎవరికైనా పెళ్లి కుదిరితే వరసగా మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు. ఆరాధన చివర్లో పాస్టరు అయ్యగారు లేచి, ఫలానా వారికీ ఫలానా వారికీ పెళ్లి అని చెప్పి, "ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పండి" అని అడుగుతారు. అడగడం ఉట్టి ఆనవాయితీ. ఆయన అడుగుతుండగానే మేం పాటల పుస్తకాలు సంచుల్లో సర్దేసుకుని చెప్పులు వెతుక్కుంటాం. నేను పుట్టాక ఆ ప్రశ్నకి జవాబిచ్చినవాడు లేడు. మా అమ్మ కాలంలోనూ లేడట.

అలాంటిది అరవై దాటిన మా ఫెయిత్ పిన్ని పెళ్లి ప్రకటనకి వెనక బల్ల దగ్గర ఒక మనిషి నిలబడ్డాడు. నిలబడినవాడు చూపులకి బర్మావాడు. నోరు తెరిస్తే వచ్చింది తెలుగు. నెలలు గడిచినా ఆ క్షణం తలుచుకుంటే ఇప్పటికీ ఉలిక్కిపడతాను. దాంతోపాటు కోపం కూడా ఉంది. నా ఎదురుగానే అంత నాటకం నడుస్తుంటే నాకొక్కదానికి తెలియకపోవడం ఏమిటి?

పిన్ని మా అమ్మకి చెల్లెలు. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. పెళ్లి చేసుకోలేదు. ఊరి నడిబొడ్డున ఒక పాత సినిమా హాల్లో టికెట్ల కిటికీ దగ్గర కూర్చునేది. హాలు పడగొట్టి దుకాణాల భవనం కట్టేదాకా అదే ఆవిడ ఉద్యోగం. కొత్త సినిమాలు సరిగ్గా రాని రోజుల్లో ఆ హాలు యజమాని తన దగ్గరున్న పాత అమెరికా బొమ్మలే తిప్పి తిప్పి వేసేవాడు. టికెట్లు అమ్మడం అవగానే పిన్ని కిటికీ మూసి, తెర పక్క గుమ్మంలో నిలబడి చూసేది. ఇంగ్లీషు ఆవిడ బడిలో నేర్చుకున్నది తక్కువ, ఆ గుమ్మంలో నేర్చుకున్నది ఎక్కువ.

ఆ బొమ్మల్లోనూ పిన్నికి అన్నీ పట్టవు. యుద్ధాలూ గుర్రాలూ అక్కర్లేదు. ఆడా మగా పోట్లాడుకునే బొమ్మలే కావాలి. మొదటి పావుగంటలో ఒకరి పెట్టె ఒకరు పట్టుకుపోతారు, లేదా ఒకే గది ఇద్దరికీ ఇస్తారు. ఆవిడ ఒక మాటంటుంది, ఆయన రెండంటాడు. మధ్యలో ఒక మంచివాడు గొడుగు పట్టుకుని ఆవిడని పెళ్లాడతానని వస్తాడు. చివరికి ఆవిడ పోట్లాడినవాడితోనే పోతుంది. మంచివాడు గొడుగుతో మిగిలిపోతాడు. చిన్నప్పుడు పిన్ని పక్కన నిలబడి నేనెన్ని చూశానో. ప్రతిసారీ ఆ గొడుగువాడిని చూసి నాకు ఏడుపొచ్చేది. పిన్ని మాత్రం నవ్వుతూ, మనసు నిండిపోయి బయటికొచ్చేది.

ఆ బొమ్మలే ఆవిడ పెళ్లిళ్లు చెడగొట్టాయి. సంబంధాలు రాకపోలేదు. ఇన్సేన్ రైల్వే నుంచి ఒకటి, బడి పంతులు ఒకటి, దుబాసీ ఉద్యోగం చేసేవాడు ఒకటి. అందరినీ తిప్పికొట్టింది. పంతులు ఎందుకు వద్దని అమ్మ తిట్టిపోస్తే పిన్ని చెప్పిన జవాబుకి మా పేటంతా నవ్వుకుంది.

"ఏటడిగినా అవునంటాడే అక్కా. కాఫీయా టీయా అంటే అవునన్నాడు. ఆ మడిసితో బతుకంతా నానొక్కదాన్నే మాటాడుకోవాలి."

అలా అంటూనే అరవై దాటింది. జుట్టు నెరిసింది, బుగ్గలకి తనకా చెక్క అరగదీసిన పూత మాత్రం ఒక్క రోజూ మానలేదు. హాలు పోయాక యజమాని జ్ఞాపకానికని ఇచ్చిన డిస్కులు ఒక పెట్టెడు ఇంటికి తెచ్చుకుంది. నేనూ, మా ఆయన టోనీ, పిన్నీ మింగళ తౌంగ్‌న్యున్‌లో రెండో అంతస్తులో ఉంటాం. మా పేటలో కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో చెప్పలేం కాబట్టి ఇన్వర్టరూ బ్యాటరీ పెట్టుకున్నాం. శనివారం మధ్యాహ్నాలు పిన్ని ఆ బ్యాటరీ మీద టీవీ వేసి సినిమా పెట్టేది. మా మెట్ల మీది వాటాల ఆడవాళ్లంతా వచ్చేవారు. ఇంగ్లీషు ఎవరికీ రాదు. అందుకని పిన్ని టీవీ పక్కన ముక్కాలి పీట వేసుకుని, ఒక్కొక్క మాటా తెలుగులో చెప్పేది. మా కింద వాటాలో ఉండే వెంకాయమ్మకి పిన్ని చెప్పకపోతే తెలుగు సినిమా కూడా అర్థం కాదేమో, అంత అలవాటైపోయింది.

మగవాళ్లలో వచ్చేవాడు ఎడ్విన్ రాజు గారొక్కడే. సంఘ పెద్ద, భార్య పోయి చాలా కాలమైంది, లత అనే పేటలో సొంత వాటా ఉంది. గుమ్మం పక్క కుర్చీలో కూర్చుని, సినిమా అవగానే "చాలా బాగుందండి" అని చెప్పి వెళ్లిపోయేవాడు. ఏ సినిమా అయినా ఆయనకి చాలా బాగుండేది.

బ్యాటరీ ముసలిదైపోయి సగం సినిమాలో ఆగిపోతుంటే, టోనీ ఎవరినో అడిగి ఒక మనిషిని పిలిపించాడు. పేరు ఊ థేన్ విన్, ఊ అంటే మన గారు లాంటిది. తన్లిన్‌లో నూనె శుద్ధి కర్మాగారంలో పనిచేసి దిగిపోయాడట. ఇప్పుడు భుజాన సంచీ వేసుకుని, బస్సెక్కి వంతెన దాటి వచ్చి, ఇళ్ల బ్యాటరీలు చూసిపెడుతున్నాడు. చారల లుంగీ, పొట్టి చేతుల చొక్కా, బోడి గుండు. వచ్చింది శనివారం కావడంతో గది నిండా ఆడవాళ్లున్నారు. ఆయన మూల కూర్చుని బ్యాటరీ మూతలు విప్పుతుంటే వెంకాయమ్మ తెలుగులో మొదలెట్టింది.

"ఆ బుర్ర సూడండే, నూని రాసిన గుమ్మడికాయలాగ లేదూ? కరెంటు పోతే ఈన్ని మజ్జిలో కూకోబెట్టుకుంటే సాలు."

అందరం పడి పడి నవ్వాం. నేనూ ఒకటి కలిపాను, దాచడమెందుకు. ఆయన తలెత్తలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. ఆసిడ్ వేడికి కాబోలు అనుకున్నాను. పని అయ్యాక పిన్ని వైపు తిరిగి బర్మా భాషలో, "దీనికి నీళ్లు పొయ్యకుండా చంపేస్తున్నారు. మనుషుల్ని కూడా ఇలాగే చూసుకుంటారా?" అన్నాడు.

"మనుషులు దాహమైతే నోరు తెరిచి అడుగుతారు," అంది పిన్ని, బర్మా భాషలోనే.

"అడగలేనివాళ్లూ ఉంటారు."

"అడగలేనివాళ్లు ఎండిపోతారు."

అలా మొదలైంది. తర్వాత ప్రతి శనివారం బ్యాటరీకి ఏదో ఒక రోగం వచ్చేది. ఆయన వచ్చేవాడు, నీళ్లు పోసేవాడు, వెళ్లకుండా ఎడ్విన్ రాజు గారి పక్కన కింద కూర్చునేవాడు. సినిమా అవగానే పిన్నితో తగువు. ఆ పిల్ల అబద్ధమాడింది కదా, వాడెందుకు క్షమించాలని ఆయన. వాడు స్టేషన్‌కి ఆలస్యంగా వచ్చాడు కదా, ఆ పిల్లెందుకు ఆగాలని పిన్ని. బర్మా భాషలో ఇద్దరూ గొంతులు పెంచుకుని అరుచుకుంటుంటే నేను పకోడీలు పట్టుకుని మధ్యలో నిలబడేదాన్ని. ఈ మనిషికి సినిమా ఎలా అర్థమవుతోందని ఒక్కసారైనా అనుకోవాలా వద్దా? కర్మాగారంలో ఇంగ్లీషు వచ్చి ఉంటుందిలే అనుకున్నాను. నా తెలివి అంతవరకే పోయింది.

పిన్ని సినిమా చెప్పే తీరు కూడా మారింది. తెర మీద ఆ పిల్ల పెదాలు రెండుసార్లు కదిపితే పిన్ని తెలుగులో ఇంత పొడుగు మాట చెప్పేది. ఒకరోజు ఆ పిల్ల కిటికీలోంచి బయటికి చూస్తూ ఏదో ఒక్క ముక్క అంది. పిన్ని పీట మీద సర్దుకుని ఇలా చెప్పింది.

"ఏటంటోందంటే, నీకు నా మీద కోపమొస్తే శనివారమే రావాలని ఏటుంది, మజ్జిలో కూడా రావచ్చు. నీళ్లు ఎండిపోతన్నాయి అంటోంది."

"సినిమాలో నీళ్లేటి పిన్నీ?" అన్నాను.

"ఆళ్లింట్లో పూల కుండీలే. నువ్వు నోర్మూసుకుని సూడే టీనా."

ఆ బుధవారమే ఊ థేన్ విన్ వచ్చి తలుపు కొట్టాడు. దారిన పోతూ బ్యాటరీ ఎలా ఉందో చూద్దామని వచ్చానన్నాడు. తన్లిన్‌లో ఉన్నవాడికి మా మెట్లు ఏ దారిలో తగులుతాయో నేను అడగలేదు. టీ పెట్టాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఎడ్విన్ రాజు గారు నా దగ్గరికి వచ్చాడు. వాకిట్లోనే నిలబడి, చేతిలో టోపీ తిప్పుతూ, "మీకు అభ్యంతరం లేకపోతేనే సుమండీ. మీ పిన్నిగారు ఒప్పుకుంటే నేను పెళ్లి చేసుకుంటాను. ఆవిడకి ఇష్టం లేకపోతే అదీ సరే" అన్నాడు.

నా ఆనందం ఇంతా అంతా కాదు. ఇంత మర్యాదస్తుడు, తాగడు, కసరడు, వయసులో ఆవిడకి తోడు. దేశం పరిస్థితి బాగాలేదు, నేనూ టోనీ ఇవాళ ఉన్నట్టు రేపు ఈ ఊళ్లో ఉంటామో లేదో తెలియని రోజులు. ఆవిడని ఒక మంచి చేతిలో పెట్టాలని నాకు ఎప్పటినుంచో ఉంది. పిన్నికి చెప్తే నా మొహం చూసి, "ఆలోసిత్తానే" అంది. కాదనకపోవడమే నాకు అవుననడంలా వినిపించింది.

ఆ శనివారం వెంకాయమ్మ త్వరగా వచ్చింది. పిన్ని వంటింట్లో ఉంది. ఊ థేన్ విన్ మూలలో గరాటు పెట్టి బ్యాటరీలో నీళ్లు పోస్తున్నాడు. నేను ఆగలేక వెంకాయమ్మతో తెలుగులో చెప్పేశాను.

"మా పిన్నికి ఎడ్విన్ రాజు గారితో కుదిరిపోయింది పిన్నమ్మా. ఒప్పేసుకున్నట్టే. వచ్చే నెల్లోనే ప్రకటన సదివిత్తారు."

మూలలో నీళ్లు నేల మీద పడుతున్న చప్పుడైంది. ఊ థేన్ విన్ లేచి, తడి చేతులు లుంగీకి తుడుచుకుని, ఒంట్లో బాగాలేదని బర్మా భాషలో చెప్పి మెట్లు దిగి వెళ్లిపోయాడు. గరాటు బ్యాటరీలోనే ఉండిపోయింది. ముసలాయనకి ఎండ తగిలింది పాపం అనుకున్నాను.

ఆ తర్వాత ఆయన రాలేదు. బుధవారం రాలేదు, శనివారం రాలేదు. సినిమా సగంలో ఆగిపోయినా పిన్ని ఇంకొకడిని పిలవనివ్వలేదు. టోనీ బ్యాటరీ ముట్టుకోబోతే కసిరింది. పిట్టగోడ దగ్గర నిలబడి వీధి చూసేది. గరాటు కడిగి, తుడిచి, దేవుడి వాక్యం పటం కింద పెట్టింది. అన్నం సరిగ్గా తినడం లేదు. పెళ్లి బెంగ కాబోలు, వయసు ఏదైనా ఆడదానికి ఆ బెంగ ఉంటుందనుకున్నాను. ఎంత బాగా అనుకున్నానో చూడండి.

ఒక శనివారం బొమ్మ ఆగిపోయాక అందరూ వెళ్లిపోయారు. పిన్ని నల్లబడిన టీవీ ముందు పీట మీదే కూర్చుని ఉండి, ఉన్నట్టుండి అంది.

"సరే. ఎడ్విన్ రాజు గారికి సెప్పీ. సేసుకుంటాను."

"నిజంగానా పిన్నీ?"

"సెప్పీ అన్నాను కదేటి."

ఆ గొంతులో సంతోషం లేదు, కోపం ఉంది. నాకు వినిపించింది కూడా. అయినా నేను చెప్పులేసుకుని లత పేటకి పరుగెత్తాను, ఆవిడ మనసు మార్చుకునేలోపు.

మొదటి ఆదివారం ప్రకటన చదివారు. అభ్యంతరం ఉందా అన్నారు, అందరూ సంచులు సర్దుకున్నారు. రెండో ఆదివారం కూడా అంతే. ఎడ్విన్ రాజు గారు ముందు బల్లలో కూర్చుని, అందరికీ నమస్కారాలు పెడుతున్నాడు. ఆ వారం మధ్యలో పిన్ని మంచి బర్మా లుంగీ కట్టుకుని, తనకా రాసుకుని, గరాటు సంచీలో పెట్టుకుని బయల్దేరింది.

"ఎక్కడికి పిన్నీ?"

"తన్లిన్. ఎవుడి ఒస్తువు ఆడికిచ్చేయాలి గదా, పెళ్లికి ముందు."

నేనొస్తానంటే వద్దంది. పొద్దువాలేవేళకి తిరిగొచ్చింది. మొహం ఎర్రగా కందిపోయి ఉంది. ఎక్కడో గట్టిగా పోట్లాడి వచ్చిందని తెలుస్తూనే ఉంది. కానీ వంటింట్లోకి వెళ్లి కూనిరాగం తీసింది.

"బస్సులో ఎవులైనా ఏవైనా అన్నారా?"

"నానే అన్నాను," అంది. కంచం నిండా అన్నం పెట్టుకుని తింది.

మూడో ఆదివారం వచ్చింది. ఆ రోజుతో ప్రకటన పూర్తయి పెళ్లి ఖాయమవుతుందని వెంకాయమ్మ కూడా వచ్చింది. వాళ్లు హిందువులు, మా ప్రార్థన గుడికి ఎప్పుడో గాని రారు. పిన్ని నా పక్కన కూర్చుంది. పాట మొదలైనప్పటి నుంచీ మెడ తిప్పి తిప్పి గుమ్మం వైపు చూస్తోంది. "ఆయన ముందే కూర్చున్నారు పిన్నీ" అని ఎడ్విన్ రాజు గారి వీపు చూపించాను. ఆవిడ నన్ను చూసిన చూపులో బోలెడు జాలి ఉంది. అది ఎందుకో నాకు అప్పుడు తెలియలేదు.

అయ్యగారు లేచారు. పేర్లు చదివారు. "ఇది మూడవసారియు కడపటిసారియు" అన్నారు. ఎవరికైనా అభ్యంతరం ఉంటే అనడం, మేం సంచులు తియ్యడం, గుమ్మం దగ్గర చెప్పులు టపటపమనడం ఒకేసారి జరిగాయి.

"నాకుందండి."

వెనక్కి తిరిగాను. ఊ థేన్ విన్. బోడి గుండు మీంచి చెమట కారుతోంది. ఒక చేత్తో వెనక బల్ల పట్టుకుని నిలబడ్డాడు, ఇంకో చేతిలో మా ఇంటి గరాటు, కాదు, ఆయన గరాటు. అన్నది తెలుగులో. మా తాతలు మాట్లాడిన తెలుగులో.

వెంకాయమ్మ పైటకొంగు మొహం మీదికి లాక్కుంది. ఆ గుమ్మడికాయ మాట గుర్తొచ్చి ఉంటుంది. నాకైతే నేనన్నవన్నీ ఒకదాని తర్వాత ఒకటి గుర్తొచ్చాయి. ఆరు నెలలుగా ఈ మనిషి ముందు మేం మాట్లాడనిది లేదు. ఆడవాళ్ల సంగతులు, అత్తల సంగతులు, టోనీ గురక. అన్నీ విన్నాడు. నీళ్లు పోసుకుంటూ విన్నాడు.

అయ్యగారి కళ్లజోడు ముక్కు చివరికి జారింది. ఆయనకి కూడా ఈ ప్రశ్నకి జవాబు వస్తే ఏం చెయ్యాలో ఎవరూ నేర్పినట్టు లేదు. "మీరెవరు బాబూ?" అన్నారు చివరికి.

"ఎలీజా అంటారండి. గుర్తింపు కార్డులో థేన్ విన్. తన్లిన్ నరసింహం గారి కొడుకుని. పదారో ఏట అక్కడే బాప్తిస్మం తీసుకున్నాను. బర్మా పిల్లని సేసుకున్నాను, ఆవిడ పోయింది. మా అమ్మ కూడా పోయినాక ఈ బాస మాటాడ్డానికి నాకు ఎవులూ లేరండి. ఆళ్లింట్లో శనివారాలు ఇనేవోడిని."

"తెలుగు వచ్చని చెప్పలేదేం మరి?" ఇది నేనే. గుడిలో ఉన్నానని కూడా మర్చిపోయి అరిచాను.

"మొదటి రోజే సెప్దామనుకున్నానమ్మా. మీరు నా బుర్ర గురించి ఎత్తుకున్నారు. అప్పుడు సెప్తే మీరు సిగ్గుపడతారని ఊరుకున్నాను. తరవాత సెప్దామంటే ఇంకా సిగ్గుపడే మాటలు అనీసినారు."

అయ్యగారు గొంతు సవరించుకున్నారు. "సరే, ఎలీజా గారూ. ఈ పెళ్లికి మీ అభ్యంతరం ఏమిటి? కారణం చెప్పాలి."

ఆయన గరాటు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"ఆవిడా నానూ మొన్న మా ఇంటికాడ మొదలెట్టిన తగువు ఇంకా అవలేదండి. తగువు మజ్జిలో ఆవిడ ఇంకో ఇంటికి ఎల్లిపోతే, మిగతాది నానెవులితో ఆడాలి?"

నా పక్కన పిన్ని లేచి నిలబడింది. ఇక ఏడుస్తుందనుకున్నాను, లేదా పడిపోతుందనుకున్నాను. పట్టుకుందామని చెయ్యి చాపాను.

"తొమ్మిదికి అన్నాను. ఇప్పుడా రావడం?" అంది.

"వంతెన మీద బస్సు ఆపీసి సోదా సేసినారు. నానేటి సేత్తాను?"

"ముందు బస్సు ఎక్కాలి."

"ముందు బస్సే అది."

"అయితే నిన్ననే రావాల."

"నిన్నొస్తే ఎక్కడ పడుకోవాల, మీ బ్యాటరీ పక్కనా?"

ఇద్దరూ అయ్యగారి ముందు, సంఘం ముందు, దేవుడి ముందు అలా వాదించుకుంటూ పోయారు. నాకు మెల్లగా బుర్రకెక్కింది. ఇది అనుకుని చేసింది. తన్లిన్ వెళ్లి, గరాటు ఇచ్చి, ఆదివారం అయ్యగారు అడుగుతారు, నోరుందో లేదో అక్కడ చూపించమని చెప్పి వచ్చింది. ఆయనకి తెలుగు వచ్చని ఆవిడకి మొదటి నుంచీ తెలుసు. వెంకాయమ్మ గుమ్మడికాయ అనగానే ఎర్రబడిన చెవుల్ని నేను ఆసిడ్ అనుకున్నాను, పిన్ని సరిగ్గా చదివింది. ఆ శనివారాలన్నీ తెర మీది పిల్ల పేరు చెప్పి తన మాటలే ఆయనకి చెప్పుకుంది. ఆయన నవ్వింది బొమ్మకి కాదు. మా పిన్ని మా అందరి మధ్యా కూర్చుని, మా అందరికీ వినిపించేలా ప్రేమించింది.

అప్పుడు అందరి తలలూ ముందు బల్ల వైపు తిరిగాయి. ఎడ్విన్ రాజు గారు నెమ్మదిగా లేచాడు. ఒకసారి పిన్ని వైపు, ఒకసారి ఎలీజా గారి వైపు చూశాడు.

"సరేనండి," అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. గొడవ పెట్టుకోవచ్చు కదా ఈ మనిషి. అవమానమని అరవచ్చు కదా. ఆరాధన ముగిసి బయటికొచ్చాక ఆయన గొడుగు తీసుకుంటున్నాడు. నిజంగా గొడుగే. వాన తుంపరలు పడుతున్నాయి. చూడగానే నాకు చిన్నప్పటి ఏడుపంతా ఒక్కసారి తన్నుకొచ్చింది.

"మమ్మల్ని క్షమించండి. మా పిన్ని చేసిన పనికి నాకు తల కొట్టేసినట్టుంది. నాకు నిజంగా ఏమీ తెలియదండి."

"నాకు తెలుసమ్మా," అన్నాడాయన.

"ఏం తెలుసు?"

"ఆయన పక్కనే కదా కూర్చునేవాణ్ణి. తెర మీద వాళ్లు మాట్లాడుతుంటే ఊరికే ఉండేవాడు. మీ పిన్నిగారు తెలుగులో చెప్పగానే నవ్వేవాడు."

ఆ రోజు నాకు తగిలిన దెబ్బల్లో ఇది పెద్దది. వెనక బల్ల దగ్గర్నించి తెలుగు వినిపించినప్పుడు కూడా ఇంత అదిరిపోలేదు.

"తెలిసి తెలిసి ఎందుకు అడిగారండి మరి?"

"ఆయన నోరు విప్పకుండా ఉండిపోతాడేమో అనిపించింది. అప్పుడు ఆవిడకి ఎవరో ఒకరు ఉండాలి కదా. అందుకని మూడో వారం దాకా చూద్దామనుకున్నాను." గొడుగు తెరిచి, వెళ్లబోతూ ఆగాడు. "నాకు ఇష్టం లేదని కాదు," అని చెప్పి వానలోకి నడిచాడు.

ఇంటికొచ్చి పిన్నిని కడిగేశాను. ఆయనకి ముందే కాదని చెప్పొచ్చు కదా, ఒక మంచి మనిషిని అందరిలో నిలబెడతావా అని అరిచాను. పిన్ని గొంతు పెంచకుండా, "మూడో వారం ఈడు రాకపోతే నాను ఆయన్నే సేసుకునేదాన్ని, ఆ సంగతి ఆయనకీ సెప్పాను. సరేనన్నాడు. అన్నిటికీ సరేనన్నాడే," అంది. కళ్లు తుడుచుకుంది. తను వంటింట్లోకి వెళ్లాక నేనూ తుడుచుకున్నాను. అంటే ఆయనకి అన్నీ చెప్పారు, నాకే ఏమీ చెప్పలేదు. ముగ్గురు ముసలివాళ్లు కలిసి నాటకమాడుతుంటే నేను పకోడీలు వేశాను.

మళ్లీ ప్రకటనలు మొదలయ్యాయి, ఈసారి ఫెయిత్‌కీ ఎలీజాకీ. గుడి ఎన్నడూ అంత నిండలేదు. ఇప్పుడు ఆ ప్రశ్న అడిగేటప్పుడు సంచులు సర్దేవాళ్లు లేరు. ఊపిరి బిగబట్టి వింటున్నారు. ఎడ్విన్ రాజు గారు ఎప్పటిలాగే ముందు బల్లలో కూర్చుంటున్నాడు. శనివారం మా ఇంటికీ వస్తున్నాడు. పిన్ని సినిమా చెబితే, మూలలోంచి ఎలీజా గారు ఆ పిల్ల అలా అనలేదని తెలుగులోనే తగువు పెట్టుకుంటున్నాడు. వెంకాయమ్మ ఇంకా ఆయన బుర్ర వైపు చూడటం లేదు.

మూడో ఆదివారం అయ్యగారు పేర్లు చదివి, పెళ్లి వచ్చే శనివారం మధ్యాహ్నమని చెప్పి, మమ్మల్నందరినీ ఒకసారి కళ్లజోడు పైనుంచి చూసి, "ఎవరికైనా అభ్యంతరం ఉంటే" అన్నారు.

ఎడ్విన్ రాజు గారు లేచి నిలబడ్డాడు.

ఎవరో పిల్లవాడి నోరు మూసిన చప్పుడు వినిపించింది. ఎలీజా గారు బల్ల పట్టుకున్నాడు. పిన్ని మొహంలో నెత్తురు లేదు. ఆవిడ బెదరడం నేను చూసింది ఆ ఒక్కసారే.

"నాకొక అభ్యంతరం ఉందండి," అన్నాడాయన. "శనివారం వద్దండి. శనివారం మాకు సినిమా ఉంది."

"పెళ్లి విందుకి హాలు శనివారమే ఖాళీ ఉంది, ఎడ్విన్ రాజు గారూ," అన్నారు అయ్యగారు నచ్చచెబుతున్నట్టు.

"అయినా సరే, వద్దండి. నేను ఒప్పుకోను."

కూర్చోలేదు. టోపీ చేతిలో నలిగిపోతోంది, మనిషి మాత్రం కదల్లేదు. పిన్ని నోరు తెరుచుకుని ఆయన వైపే చూస్తోంది. అంతసేపు చూసి, నా చెవిలో అంది.

"ఓలే టీనా, ఈ మడిసి ఇన్నాళ్లూ ఎక్కడున్నాడే?"

అటు పక్కన ఎలీజా గారికి ఆ మాట వినిపించింది. తెలుగు కదా. అయ్యగారు హాలు సంగతి వదిలేసి పెళ్లిని సోమవారానికి మార్చారు.